బయటివైపు తాళం

వీధిలో అందరూ ఆమెను తాళాలమ్మ అనే పిలిచేవారు. భర్త తాళాల మేస్త్రి. ఆయన పోయాక కొట్టు మూతపడుతుందని అనుకున్నవాళ్లు, నెల తిరక్కుండానే ఆమె ఆయన స్టూలు మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఆకురాయితో తాళంచెవి గీస్తుంటే చూసి నోరెళ్లబెట్టారు. "మగవాళ్లు చెయ్యాల్సిన పని కదమ్మా ఇది" అని ఒకాయన అంటే, "తలుపుకి ఆ సంగతి తెలీదులే నాయనా" అని తల కూడా ఎత్తకుండా జవాబిచ్చింది.

కొట్టు వెనకాల రెండు గదుల్లో ఆమె, ఆమె అక్క ఉండేవారు. అక్కకు వంట, ఇల్లు, నోరు. తాళాలమ్మకు పని, ప్రార్థన. ఆమె ప్రార్థన కూడా పనిలాగే ఉండేది. పక్కగదిలో ఉన్న పెద్దవాళ్లతో మాట్లాడినట్టు, చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకునే "అయ్యా, ఇది మొరాయిస్తోంది, కాస్త చూడు" అనేది. "ఆయనకి వేరే పనుల్లేవనుకున్నావా?" అని అక్క వంటింట్లోంచి అరిచేది.

మాస్టారు కబురు పెట్టినప్పుడు తాళాలమ్మ సంతోషంగానే వెళ్లింది. ఆయన బడి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. సంఘపెద్ద. ఊళ్లో సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. ఆరాధనలో ఆయన ప్రార్థన చేయడానికి లేస్తే, చంటిపిల్లలు సైతం ఏడుపు ఆపేసేవారని చెప్పుకునేవారు. ఆయన భార్య ఆడవాళ్ల వైపు పాటలు ఎత్తుకునేది. కొన్ని నెలలుగా ఆమె రావడం లేదు. "ఒంట్లో బాగోలేదు. వాళ్లన్నయ్య దగ్గరుంది. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అని మాస్టారు చెబితే, సంఘమంతా వారం వారం ఆమె కోసం ప్రార్థించింది. తాళాలమ్మ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

మాస్టారి ఇంట్లో పని మేడమీద. వసారా చివర ఒక గది, తలుపుకు కొత్తగా వేసిన రంగు వాసన. గడియకు చిన్న తాళంకప్ప వేసి ఉంది.

"పాత సామాన్లమ్మా" అన్నారు మాస్టారు. "దీనికి గట్టి తాళం బిగించాలి."

"గడియ ఉందిగా మాస్టారూ, చాలదా?"

"చాలదు. మా అమ్మకి మతిమరుపు. ఎందుకు తీస్తోందో తెలీకుండా తీసేస్తోంది. తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉండాలి." ఆయన తలుపును అరచేత్తో మెల్లిగా తట్టారు, గుర్రాన్ని నిమిరినట్టు. "ఇంకో మాట. లోపలివైపు తాళంచెవి పెట్టే కన్నం ఉండకూడదు. తలుపు తెరవక్కర్లేదు, బయటినుంచే బిగించెయ్."

పాత సామాన్లు లోపలినుంచి తాళం తీస్తాయా? ఆ ఆలోచన తాళాలమ్మకు వచ్చింది. వచ్చి, ఆగకుండా వెళ్లిపోయింది. మాస్టారి ఇంట్లో నిలబడి మాస్టారి గురించి అలాంటిది అనుకోవడం ఆమెకు చేతకాలేదు. సంచిలోంచి డ్రిల్లు తీసింది.

మూడు స్క్రూలకు సరిగ్గానే దిగింది. నాలుగో చోట చెక్క మెత్తగా ఉండి, డ్రిల్లు మొన అవతలికి దూసుకుపోయింది. వెనక్కి లాగి, అలవాటు ప్రకారం కన్నం దగ్గర మూతి పెట్టి పొట్టు పోయేలా ఊదింది.

అవతలినుంచి ఎవరో తిరిగి ఊదారు.

చెక్కపొట్టు ఆమె కళ్లలో పడింది. వెచ్చటి ఊపిరి పెదాలకు తగిలింది. ఆ వెనకే, గాలి కన్నా సన్నగా, "నువ్వేనా?" అని ఒక్క మాట.

"ఏమైంది?" వెనకనుంచి మాస్టారు. చేతిలో టీ కప్పు.

"దుమ్ము... కళ్లలో పడింది మాస్టారూ."

"జాగ్రత్తమ్మా. కళ్లు పోతే నీ బతుకేం గాను" అన్నారాయన దయగా, కప్పు అందిస్తూ.

ఆ కన్నంలో ఆమె స్క్రూ బిగించింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మాస్టారు తాళం వేసి చూసుకుని, తీసి చూసుకుని, మళ్లీ వేసి, రెండు తాళంచెవులూ జేబులో వేసుకున్నారు. కింద హాల్లో ఆయన తల్లి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. వాచిన కాళ్లు పీట మీద. చూపు మాత్రం సూదిలా ఉంది, మతిమరుపు మనిషి చూపులా లేదు.

"అయిపోయిందా?" అంది ముసలామె.

"అయిపోయిందమ్మా."

"గట్టిదేనా?"

"గట్టిదే."

ముసలామె మొహం కిటికీవైపు తిప్పుకుంది.

ఇంటికొచ్చాక తాళాలమ్మ కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. అక్క రెండుసార్లు అడిగి, మూడోసారి గరిటె కింద పెట్టి ఎదురుగా వచ్చి కూర్చుంది. అంతా విన్నాక ఆమె నోట మాట రాలేదు. ఆ ఇంట్లో అది అరుదు.

"ఎలకేమో" అంది చివరికి.

"ఎలక మాట్లాడుతుందా అక్కా? ఆవిడ గొంతు నాకు తెలీదా? ఇన్నేళ్లు పక్కన నిలబడి పాడాను."

"మరి నువ్వు స్క్రూ బిగించి వచ్చావా?"

తాళాలమ్మ కంచం పక్కకు జరిపింది. కళ్లు ఇంకా మండుతున్నాయి.

మర్నాడు పాస్టరుగారి దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లలకు బొమ్మలు కొనిస్తాడు, చావు ఇళ్లకు అందరికంటే ముందు వెళ్తాడు. అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "తొందరపడకమ్మా. పెద్దమనిషి. నేను కదిపి చూస్తాను. నువ్వు ప్రార్థన చెయ్యి" అన్నాడు.

ఆయన కదిపి చూసిన ఫలితం ఆ మరుసటి రోజే కొట్టు ముందుకు వచ్చి నిలబడింది. మాస్టారు వీధిలో వాళ్లందరికీ వందనాలు చెప్పుకుంటూ వచ్చి, బల్ల మీద చెయ్యి ఆనించారు.

"పాస్టరు అయ్యగారు చెప్పారమ్మా. నీకు తలుపుల్లోంచి మాటలు వినిపిస్తున్నాయట" అన్నారు చాలా నెమ్మదిగా. "ఒంటరితనం అలాంటిది. మా బళ్లో ఒక పంతులమ్మకీ ఇలాగే మొదలైంది. తరవాత ఆవిణ్ణి ఎవరూ ఇంటికి రానిచ్చేవారు కాదు. తాళాలు చేసే మనిషివి. నీ మీద నమ్మకం పోతే ఎవరు పిలుస్తారు?"

తాళాలమ్మ చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

"ఎలాగూ వచ్చేవారం మేం ఊరు మారుతున్నాం. కాస్త దూరంగా, ఎవరూ లేనిచోట ఇల్లు చూశాను. నీకోసం ప్రార్థిస్తానమ్మా." ఆయన నవ్వి వెళ్లిపోయారు. ఆ నవ్వులో కోపం ఇసుమంతైనా లేదు. తాళాలమ్మకు భయం వేసింది అందుకే.

అక్క ఆమెను చెయ్యి పట్టుకుని పోలీసు స్టేషనుకు లాక్కెళ్లింది. బల్ల దగ్గర కూర్చున్నతను వినీ వినకముందే నవ్వేశాడు. "ఎవరూ, మా మాస్టారా? నాకు అక్షరాలు దిద్దబెట్టిందే ఆయనమ్మా. మొగుడూ పెళ్లాల మధ్య ఏవో ఉంటాయి. మీకెందుకు?" దారిలో అక్క అతని వంశాన్ని ఏడు తరాల వెనక్కి వెళ్లి తిట్టింది గానీ, ఇల్లు చేరేసరికి ఆమె మొహం కూడా పాలిపోయింది.

"ఆదివారం వెళ్తాను" అంది తాళాలమ్మ. "ఆరాధన జరుగుతుండగా. ఆయన గుడిలో ముందు వరసలో ఉంటాడు."

"వెళ్లి?"

"నేను బిగించిన తాళమే కదా. తీస్తాను."

"తీసి? ఆయన వస్తే? పిచ్చిదాన్ని చేసి గొలుసులు వేయిస్తాడే నిన్ను! ఏ ధైర్యంతో వెళ్తావు?"

"ధైర్యం లేదక్కా. దేవుడు సాయం చేస్తాడు."

"ఎలా చేస్తాడు?"

"ఆ సంగతి నాకు తెలీదు. నేను కదలకుండా ఇక్కడే కూర్చుంటే మాత్రం ఎలా చేస్తాడు? కనీసం ఆ రోజు ప్రసంగం పొడుగ్గా సాగేలా చెయ్యమని అడుగుతున్నాను."

"దానికి దేవుడెందుకు, అయ్యగారు ఎప్పుడూ చేస్తూనే ఉన్నారుగా" అంది అక్క. ఇద్దరికీ ఒక్కసారి నవ్వొచ్చింది. తరవాత అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. తను గుడికి వెళ్లి మాస్టారి మీద కన్నేసి ఉంచుతానని, ఆయన లేస్తే ఫోను చేస్తానని ఒప్పుకుంది.

ఆదివారం వీధి ఖాళీగా ఉంది. తాళాలమ్మ సంచి భుజాన వేసుకుని నడుస్తుంటే, గుడిలో మొదటి పాట ఇళ్ల మధ్యనుంచి వినిపిస్తోంది. "అయ్యా, నేను వెళ్తున్నాను" అంది పైకే. "నువ్వు వెనకాల రావద్దు, నాకంటే ముందు వెళ్లు."

ముందు తలుపు దగ్గరగా వేసి ఉంది. హాల్లో ముసలామె ఆ కుర్చీలోనే ఉంది.

"వాడు లేడు" అంది.

"తాళం బిర్రుగా ఉందేమో చూసి పోదామని వచ్చానమ్మా" అంది తాళాలమ్మ. ఆ అబద్ధం తన చెవులకే అతకనట్టు వినిపించింది.

ముసలామె ఆమెను, సంచిని, మళ్లీ ఆమెను చూసింది. "నేను ఆ మెట్లెక్కి చాలా రోజులైంది" అని మాత్రం అని కళ్లు మూసుకుంది.

మేడమీద తాళం తీయడానికి తాళాలమ్మకు మామూలు కంటే ఎక్కువసేపే పట్టింది. వేళ్లు చెమటకు జారిపోతున్నాయి. లోపల చిన్న అలికిడైనా లేదు. లోపల మనిషే లేదేమో, నిజంగానే తనకు మతి పోయిందేమో అని ఒక్క క్షణం అనిపించింది. అప్పుడు తాళం లొంగింది.

కిటికీకి చెక్కలు కొట్టి ఉన్నాయి. మంచం, బకెట్టు, మేకుకు వేలాడే ఒక చీర. మాస్టారి భార్య గోడ మూలకు ఒదిగి నిలబడి ఉంది. జుట్టు మెడదాకా కత్తిరించి ఉంది, అదీ ఎగుడుదిగుడుగా. వెలుగుకు కళ్లు చిట్లించి, "ఆయన పంపించారా?" అని అడిగింది.

"లేదు వదినగారూ. నేనే వచ్చాను. రండి పోదాం."

"ఆయన్ని అడిగావా?"

"అడగలేదు. రండి."

"అడక్కుండా ఎలా? మొదట ఒక్కరోజే అన్నారు. ప్రార్థన చేసుకుని మారితే తీస్తానన్నారు." ఆమె గొంతు పాఠం అప్పజెప్పినట్టుంది. "నేను మారానో లేదో ఆయనే చెప్పాలి కదా."

తాళాలమ్మకు బలవంతాన లాగితే ఈ మనిషి విరిగిపోతుందనిపించింది. మెల్లిగా దగ్గరికి వెళ్లి, చెయ్యి పట్టుకుని, ఏం మాట్లాడాలో తెలీక, "వెళ్లి మీ అన్నయ్యగారిని చూద్దాం" అంది. అన్నయ్య అన్న మాటకు ఆమె మొహంలో ఏదో కదిలింది. ఒక అడుగు వేసింది. కాళ్లు తేలిపోయి తాళాలమ్మ భుజం మీద వాలింది. ఇంకో అడుగు.

అప్పుడు సంచిలో ఫోను మోగింది.

"లేచాడే!" అక్క గొంతు రొప్పుతోంది. "ప్రసంగం మధ్యలోనే లేచాడు. నీ చోటు ఖాళీగా ఉండటం చూశాడు. నేను లేచి, అయ్యగారూ, ప్రసంగం తరవాత చెప్పొచ్చు, ముందు నాతో రండి అన్నాను. కూర్చోమ్మా అన్నాడే! ఒక్కళ్లూ కదల్లేదు. నేను వస్తున్నా, నా మోకాళ్లు..."

కింద ముందు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

మాస్టారు పరుగెత్తలేదు. మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చారు, బైబిలు చంకలో పెట్టుకుని. వసారా చివర ఆగి, "వందనాలమ్మా" అన్నారు తాళాలమ్మతో. తరవాత భార్యవైపు చూసి, "లోపలికి" అన్నారు. అంతే.

ఆమె వేళ్లు తాళాలమ్మ చేతిలోంచి జారిపోయాయి. తనంతట తనే వెనక్కి నడిచి మంచం మీద కూర్చుంది.

తాళాలమ్మ ఎదురుచూసింది. ఇప్పుడు ఏదో ఒకటి జరగాలి. ఆయన కాళ్లు పట్టు తప్పాలి, ఎవరైనా తలుపు తట్టాలి, తన నోట్లోకి ఏదైనా గొప్ప మాట రావాలి. ఏదీ జరగలేదు. గుడిలో పాట మొదలైంది, అంతే. మాస్టారు తలుపు పట్టుకుని, "నువ్వు బయటికి రామ్మా, తలుపు వేసుకోవాలి" అన్నారు.

తాళాలమ్మ నిలబడలేక గడప మీద కూలబడింది. కూలబడ్డాక తెలిసింది, తను అక్కడ ఉన్నంతసేపూ ఆ తలుపు పడదని. ద్వారబంధం గట్టిగా పట్టుకుంది.

"నేను లేవను మాస్టారూ."

"లేమ్మా."

"లేవను."

ఆయన చుట్టూ ఒకసారి చూసుకున్నారు. బైబిలు జాగ్రత్తగా కిటికీ గట్టు మీద పెట్టారు. తరవాత రెండు చేతులతో తలుపు పట్టుకుని బలంగా లాగారు.

తాళాలమ్మ ఎడమచెయ్యి ద్వారబంధం మీద ఉంది. ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడైంది. ఆమె అరిచిన అరుపు ఆమెకే వినపడలేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగిపోయింది, గడప మీదనుంచి మాత్రం లేవలేదు. లేవడం గుర్తురాలేదు. "అయ్యా, అయ్యా" అంటోంది. ఆయన మొహంలో మార్పేమీ లేదు. పిల్లవాడు లెక్క తప్పు చేస్తే మళ్లీ చెయ్యమన్నట్టు, ఆయన తలుపును మళ్లీ వెనక్కి తెరిచారు.

మెట్ల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆగుతోంది, మళ్లీ వస్తోంది. మాస్టారు తల తిప్పారు.

ముసలామె మోకాళ్ల మీద, చేతుల మీద పాకుతూ మెట్లెక్కి వచ్చింది. చీర మోకాళ్ల దగ్గర నలిగి, మురికైపోయింది. గోడ పట్టుకుని లేచి నిలబడింది. కొడుకును దాటుకుని వెళ్లి, మూలుగుతూ, తాళాలమ్మ పక్కన గడప మీద కూర్చుంది. ఇద్దరికీ చోటు సరిపోక భుజాలు ఒరుసుకున్నాయి.

"వెయ్యరా" అంది. "నా మీద కూడా వెయ్యి."

"అమ్మా, కిందికి వెళ్లు."

"మీ నాన్న నన్ను ఇలాగే గదిలో పెట్టి తాళం వేసినప్పుడు నువ్వు బయట కూర్చుని ఏడ్చేవాడివి. తలుపు కింద వేళ్లు పెట్టేవాడివి. మర్చిపోయావేమో అని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. నువ్వు మర్చిపోలేదురా. నేర్చుకున్నావు. వెయ్యి తలుపు."

మాస్టారు తలుపు పట్టుకునే నిలబడ్డారు. ఆయన కొడతారనే అనుకుంది తాళాలమ్మ. చివరికి ఆయన కిటికీ గట్టు మీది బైబిలు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.

కిందికి దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది. ముందు ముసలామె, కూర్చుని ఒక్కో మెట్టూ జారుతూ. వెనక తాళాలమ్మ, కుడిచేత్తో మాస్టారి భార్యను పట్టుకుని. హాల్లో మాస్టారు తన తల్లి కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఒళ్లో పుస్తకం తెరుచుకుని. తలుపుకు పోవాలంటే ఆయన మోకాళ్లను రాసుకుంటూ పోవాలి. ముగ్గురూ అలాగే పోయారు. ఆయన తలెత్తలేదు. భార్య దాటుతున్నప్పుడు మాత్రం పేజీ తిప్పుతూ, "చలిగా ఉంటుంది. శాలువా తీసుకెళ్లు" అన్నారు, ఎప్పటిలాంటి గొంతుతోనే. ఆమె ఆగింది. తాళాలమ్మ ఆమెను ముందుకు నెట్టింది.

గేటు దగ్గర అక్క ఎదురైంది, చెప్పులు చేత్తో పట్టుకుని, జుట్టు రేగిపోయి. ముగ్గురినీ చూసి నోరు తెరిచి, చెల్లెలి చెయ్యి చూసి మూసేసింది.

ఆసుపత్రిలో నర్సు అడగాల్సినవన్నీ అడిగింది, పిలవాల్సినవాళ్లను పిలిచింది. మాస్టారి భార్య అన్నయ్య సాయంత్రానికల్లా వచ్చాడు. చెల్లెలు తనతో మాట్లాడనంటోందని బావగారు ఇన్నాళ్లూ చెబుతూ వచ్చారట. ఆమె అన్నయ్యతో వెళ్లిపోయింది. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. ఇంకా గది తలుపులు వేసుకుని పడుకోలేకపోతోందట, పాటలు మాత్రం మళ్లీ మొదలుపెట్టిందట.

తాళాలమ్మ ఎడమచేతి రెండు వేళ్లు తిరిగి వంగలేదు. ఇప్పుడు చిన్న తాళాలు పట్టుకోవాలంటే అక్క సాయం కావాలి. అక్క పట్టుకుంటుంది, సణుగుతుంది. ముసలామె వాళ్ల దగ్గరే ఉంటోంది. అక్కకు ఇన్నేళ్లకు మాటకు మాట చెప్పే మనిషి దొరికింది.

"దేవుడు సాయం చేశాడంటావా?" అని ఒకరోజు అక్క ఆ వేళ్లకు నూనె రాస్తూ అడిగింది.

"చేశాడు" అంది తాళాలమ్మ. ఆ వేళ్లు చూసుకుంటూ, "నేను వేరేలా అనుకున్నాను" అంది.

ఆమెను పనికి పిలిచేవాళ్లు తగ్గారు. కొంపలు కూల్చే మనిషి అని కొందరు, పోనీలే పాపం అని కొందరు. పాస్టరుగారు ఇంటికొచ్చి, టీ తాగకుండా, తలవంచుకుని కూర్చుని, క్షమించమన్నాడు. కేసు నడుస్తోంది. మాస్టారు జామీను మీద బయటికి వచ్చి, మొదట్లో గుడికి రాలేదు. తరవాత వెనక వరసలో కూర్చున్నారు. ఆ తరవాత ఒక ఆదివారం, ఎవరూ పిలవకుండానే, ప్రార్థన వేళకు తనంతట తనే లేచి నిలబడ్డారు.

అదే మెత్తటి గొంతు. కుటుంబాల కోసం ప్రార్థించారు. దారి తప్పిన స్త్రీల కోసం. తన ఇంటిని పాడుచేసినవాళ్లను తను క్షమించానని, దేవుడు కూడా క్షమించాలని వేడుకున్నారు. పాస్టరుగారు ఆయన్ని ఆపడానికన్నట్టు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. ప్రార్థన అయిపోయింది. గుడిలో చాలామంది మౌనంగా ఉండిపోయారు. కొందరు ఆమెన్ అన్నారు. ఆ కొందరు తాళాలమ్మ అనుకున్నంత తక్కువమంది కాదు.

పక్కన ముసలామె ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తాళాలమ్మ కళ్లు తెరిచి వెనక్కి చూసింది. అందరి తలలూ ఇంకా వంగే ఉన్నాయి. మాస్టారి కళ్లు తెరిచి ఉన్నాయి. ఆయన ఆమెనే చూస్తున్నారు, ఓపిగ్గా, ఆలస్యంగా వచ్చిన పిల్లను చూసినట్టు. ఆమె చూపు దించుకోలేదు.

ఎవరో పాట నంబరు చెప్పారు. అందరూ లేచారు. ముసలామెను లేపి నిలబెట్టడానికి అక్క ఒకవైపు, తాళాలమ్మ ఒకవైపు పట్టుకోవాల్సి వచ్చింది. వాళ్లు నిలదొక్కుకునేసరికి మొదటి చరణం అయిపోయింది. రెండోది అందుకున్నారు.